ఫీరిక్ గారికి మేకలు తెలుసు

శనివారం ఓట్లు లెక్కపెట్టారు. జార్లత్ ఫీరిక్ ఓడిపోయాడు. పదహారేళ్ళుగా దిగువ సభలో కుర్చీ వేడెక్కించిన మనిషి ఐదో విడత లెక్కింపులో ఇంటిముఖం పట్టాడు. మంగళవారం పొద్దున్నకల్లా ఆయనకి మేకలంటే ప్రాణమైపోయింది. మధ్యలో ఆదివారం, సోమవారం ఏ మేక కలలోకొచ్చి ఏం చెప్పిందో ఆ దేవుడికే తెలియాలి.

ఈ కబురు ఫోన్‌లో చెప్పినవాడు మేకల పెంపకందారుల సంఘం అధ్యక్షుడు కోర్మాక్ లేడెన్. విన్నది సంఘం కార్యదర్శి అట్రాక్టా టార్పీ. అప్పుడామె కొట్టంలో పాలు పితుకుతోంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చేతులు ఆపకుండానే మాట్లాడింది.

"ఫీరిక్ గారికి మన సంఘమంటే ఎంత అభిమానమో తెలుసా అట్రాక్టా!"

"మన సంఘం పేరేంటో చెప్పాడా?"

"మేకల వాళ్ళు అన్నాడులే," అన్నాడు కోర్మాక్.

"అబ్బో, అయితే సగం తెలిసినట్టే," అని ఫోను గడ్డిలోకి విసిరేసింది. ఫీరిక్ ఎందుకొస్తున్నాడో, ఎక్కడికి పోవాలని వస్తున్నాడో ఆమెకి కోర్మాక్ చెప్పక్కర్లేదు.

లీట్రిమ్ జిల్లా కొండల్లో అట్రాక్టా అంత మొండి మనిషి ఇంకొకరు లేరని చెప్పుకునేవారు. పంతొమ్మిదేళ్ళప్పుడు బర్మింగ్‌హామ్ పోయి బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఆరేళ్ళు పనిచేసింది. అక్క బిడ్డకి ఆవుపాలు పడటం లేదని తెలిసి, ఉన్న పళాన తిరిగొచ్చి రెండు మేకల్ని కొంది. బిడ్డ పెరిగి పెద్దదై పోలీసు ఉద్యోగంలో చేరింది. మేకలు మాత్రం అట్రాక్టాని వదల్లేదు. ఇప్పుడామెకి అరవై ఒకటి, మేకలు నలభై రెండు. మొగుడూ పిల్లలూ లేరు. ఉంటే బాగుండేదా అని ఎవరైనా అడిగితే, "వాళ్ళకి బాగుండేది కాదు," అనేది. చీజ్ చేసి శుక్రవారం సంతలో అమ్మేది. ఇరవై మూడేళ్ళుగా సంఘానికి కార్యదర్శి ఆమే. ముత్యాల్లాంటి రాత. ఆమె రాసింది అబద్ధమని ఇంతవరకూ ఒక్కడూ అనలేదు.

ముప్పై ఏడు మంది సభ్యులున్న ఆ సంఘానికి ఒకే ఒక్క గొప్ప ఉంది. పెద్దల సభకి ఒక పేరు పంపే హక్కు. ఎప్పుడో అరవైల్లో ఎవరో పుణ్యాత్ముడు దరఖాస్తు పెట్టి, సంఘాన్ని రిజిస్టర్‌లోకి ఎక్కించి పోయాడు. అప్పట్నుంచీ ప్రతి ఎన్నికకీ మేకల వాళ్ళ గుమ్మాల్లో పెద్ద పెద్ద కార్లు ఆగుతున్నాయి.

ఆ సభ లెక్క అట్రాక్టాకి నోటికొచ్చు. పాలు పితికేటప్పుడు మేకలకి అప్పజెప్పేది కూడా. "అరవై మంది తల్లీ. పదకొండు మందిని ప్రధాని తనకి నచ్చినట్టు ఏరుకుంటాడు. ఆరుగుర్ని రెండు యూనివర్సిటీల పట్టభద్రులు ఎన్నుకుంటారు, మనలాంటి మొద్దులకి అక్కడ ఓటు లేదు. ఇక నలభై ముగ్గురు. వాళ్ళు ఐదు జాబితాల్లోంచి రావాలి. చదువూ సంస్కృతీ ఒకటి, వ్యవసాయం ఒకటి, కార్మికులది ఒకటి, వ్యాపారం ఒకటి, పరిపాలన ఒకటి. ఎవరి పని తెలిసినవాళ్ళు ఆ జాబితాలో. ఎంత ముచ్చటగా ఉందో చూడు!"

కాగితం మీద నిజంగానే ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ నలభై ముగ్గురికి ఓటేసేదెవరు? కౌన్సిలర్లు, దిగువ సభ వాళ్ళు, దిగిపోతున్న పెద్దల సభ వాళ్ళు. దేశం మొత్తానికి వెయ్యి పైచిలుకు మంది, దాదాపు అందరూ ఏదో ఒక పార్టీ మనుషులే. దాంతో వ్యవసాయ జాబితాలో లాయర్లు, కార్మికుల జాబితాలో ఏనాడూ పారపట్టనివాళ్ళు. కింద ఓడినవాడికి అదొక ధర్మసత్రం, రేపు గెలవాలనుకునేవాడికి వెయిటింగ్ రూమ్. ఈ వరస తలుచుకున్నప్పుడల్లా అట్రాక్టాకి ఒళ్ళు మండిపోయేది.

అయినా ఆ సభలోకి వెళ్ళాలని ఆమెకి ఆశ. ఎందుకంటే ఆమె అక్కడ ఒక మాట చెప్పాలి. పుట్టే మేకపిల్లల్లో సగం పోతులు. పోతు పాలివ్వదు. ఆ కొండల్లో మేకమాంసం తినేవాళ్ళు లేరు. లైసెన్సున్న కసాయిశాలల్లో మేకని తీసుకునేది ఒక్కటే ఉంది, అదీ తొంభై మైళ్ళ దూరం. అంచేత పోతుపిల్ల పుట్టిన గంటలోనే ఏం చేస్తారో ఆ కొండల్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అట్రాక్టా కూడా పంతొమ్మిదేళ్ళపాటు ఆ పని తన చేతుల్తోనే చేసింది. ఒక వసంతంలో ఒక్కరోజే ఏడింటిని చంపింది. ఆ సాయంత్రం రొట్టె కలపబోయి, పిండిలో చెయ్యి పెట్టలేక కూలబడింది. మళ్ళీ ఆ పని చెయ్యలేదు. అప్పట్నుంచీ పోతుపిల్లల్ని మేపి, పెద్దవాటిని తన డొక్కు వ్యానులో తొంభై మైళ్ళు తోలుకెళ్తోంది. జిల్లాకో చిన్న కసాయిశాల చాలని మంత్రులకి నలభై ఒక్క ఉత్తరాలు రాసింది. మీ ఉత్తరం అందింది, పరిశీలిస్తాం అని నలభై ఒక్క జవాబులొచ్చాయి.

ఉత్తరాన్ని చించేయొచ్చు, సభలో నిలబడి చెప్పిన మాటని చించలేరు కదా అని ఆమె వాదన. ఈసారి అభ్యర్థివి నువ్వేనని కోర్మాక్ క్రిస్మస్ విందులో, చేతిలో గ్లాసుతో, అందరి ముందూ మాటిచ్చాడు కూడా.

సంఘం కార్యవర్గం గురువారం హోటలు వెనక గదిలో కూర్చుంది. మొత్తం ఐదుగురు. కోర్మాక్, అట్రాక్టా, క్లేర్ జిల్లా నుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరు, ఒక ముసలి పశువుల డాక్టరు. టీ వచ్చింది, హామ్ శాండ్‌విచ్‌లొచ్చాయి. ఫీరిక్ పంపిన పెద్ద చాక్లెట్ల డబ్బా కూడా బల్ల మీదుంది. దాని మూత అప్పటికే తీసేసి ఉంది.

"నీ మీద నాకు గౌరవం లేక కాదు తల్లీ," అని మొదలుపెట్టాడు కోర్మాక్. "నీకు ఓటెవరేస్తారు చెప్పు? కౌన్సిలర్లకి నువ్వెవరో తెలీదు. నాలుగు ఓట్లొస్తే గొప్ప. ఫీరిక్ గారైతే ఖాయంగా గెలుస్తాడు. మన గొడవ ఆయనే మాట్లాడతాడు."

"ఏ గొడవ? మన గొడవేంటో ఆయనకి తెలుసా?"

"చెప్తే తెలుసుకుంటాడు. చదువుకున్న మనిషి."

"క్రిస్మస్ నాడు నాకిచ్చిన మాట ఏ గంగలో కలిపావు కోర్మాక్? పోనీ నువ్వు చెప్పు డాక్టరూ. ముప్పై ఏళ్ళుగా నా కొట్టంలో నా టీ తాగుతున్నావు. నువ్వైనా చెప్పు."

డాక్టరు శాండ్‌విచ్ విప్పి అందులో ఏముందో చూసుకున్నాడు. ఫీరిక్ కావాలన్నవాళ్ళని చేతులెత్తమంటే నలుగురూ ఎత్తారు. అన్నదమ్ముల్లో చిన్నవాడు ఒక చేత్తో చాక్లెట్ కాగితం విప్పుతూ రెండోది ఎత్తాడు. అట్రాక్టాకి ఆ గది మొత్తం మీద అసహ్యం వేసింది, ఇరవై మూడేళ్ళు అందులో కూర్చున్నందుకు తన మీద కూడా.

ఆ తరవాత కోర్మాక్ నామినేషన్ కాగితం ఆమె ముందుకి తోశాడు. అందులో ఒక గడి ఉంటుంది. వ్యవసాయంలో అభ్యర్థికున్న జ్ఞానం, ఆచరణలో ఉన్న అనుభవం వివరించమని. కింద కార్యదర్శి సంతకం పెట్టాలి.

"నీ రాత బాగుంటుంది కదా. నాలుగు ముక్కలు రాసెయ్యి."

"చూడంది రాయను."

"అందరూ రాస్తారమ్మా! ఆ గడి ఎవడు చదువుతాడు?"

"చదవనివ్వు, చదవకపోనీ. ఆయన్ని నా కొట్టానికి రమ్మను. ఏం చేస్తాడో చూస్తాను, చూసింది రాస్తాను. అక్షరం ఎక్కువ రాయను, తక్కువ రాయను."

అవి మేకలు ఈనే రోజులు. ఆ పట్టు చొక్కా మనిషి కొట్టంలో రెండు నిమిషాలు నిలబడి ముక్కు మూసుకుని పారిపోతే, అదే రాసి పంపాలని ఆమె పంతం. పనికిమాలిన పేరు పంపినందుకు సంఘం అభాసుపాలైతే అయింది. అంత కసి మీద ఉంది.

సోమవారం పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. ఫీరిక్ చేతిలో ఆపిల్ కేకు, కాళ్ళకి కొత్త రబ్బరు బూట్లు. బూట్ల మీద ధర చీటీ ఇంకా ఊడలేదు. కోర్మాక్ గేటు దగ్గరే ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

"అట్రాక్టా గారూ! మీ చీజ్ గురించి ఎంత విన్నానో!" అన్నాడు ఫీరిక్, నోట్లో వెన్న పెట్టుకున్నట్టు.

"తిన్నారా?"

"తినాలి, తినాలి."

ఆ క్షణాన కొట్టంలో పెగ్ అరిచింది. తొలిచూలు మేక. తెల్లవారుజాము నుంచీ నొప్పులు పడుతోంది, పిల్ల రావడం లేదు. అట్రాక్టా రెండుసార్లు ప్రయత్నించింది. కీళ్ళవాపుతో ఆమె చెయ్యి ఇప్పుడు పిడికిలి కూడా సరిగ్గా పట్టదు. డాక్టరుకి ఫోన్ చేస్తే దొరకలేదు. గురువారం తరవాత ఆయన ఆమె ఫోను ఎత్తడమే మానేశాడు.

"చెయ్యి పెడతారా ఫీరిక్ గారూ?" అంది వెటకారంగా.

ఆయన మేక వంక చూశాడు. కేకు గడ్డిమోపు మీద పెట్టాడు. కోటు విప్పాడు, వాచీ తీసి జేబులో వేసుకున్నాడు, చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచాడు. సబ్బూ వేణ్ణీళ్ళూ ఎక్కడున్నాయో అడక్కుండానే బకెట్ దగ్గరకి పోయి, గోళ్ళ సందుల్లోకి దిగేలా తోముకున్నాడు. పెగ్ వెనక మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి లోపలికి పోయింది.

"తల వెనక్కి తిరిగుంది," అన్నాడు. గొంతు మారిపోయింది. వెన్న లేదు, ఏమీ లేదు, కొండమనిషి గొంతు. "ఇంకోటి కూడా ఉంది, దాని కాలు దీనికి అడ్డం పడింది. ముందు దీన్ని లోపలికి తొయ్యాలి. మెడ పట్టుకోండి మీరు. ఓ బుజ్జీ, ఓ బుజ్జీ, ఊఁ, ఊఁ, అయిపోయిందిలే అమ్మా..."

పావుగంటలో రెండు పిల్లలూ గడ్డిలో పడ్డాయి. ఆయన గడ్డిపోచతో వాటి ముక్కుల్లో కితకితలు పెట్టాడు. ఒకటి తుమ్మింది, రెండోది కూడా తుమ్మింది.

"ఎక్కడ నేర్చుకున్నావయ్యా?" అంది అట్రాక్టా. మీరు కాస్తా నువ్వైపోయింది.

"మా అమ్మకి అరవై మేకలుండేవి, మేయో వైపు కొండల్లో. బళ్ళో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు, గబ్బు అని." చెయ్యి తుడుచుకుంటూ నవ్వాడు. "ముప్పై ఐదేళ్ళయింది చెయ్యి పెట్టి. మర్చిపోలేదు చూశారా?"

అట్రాక్టా గుండె కరిగిపోయింది. ఎంత పాపిష్టిదాన్ని, మనిషిని చూడకుండానే ఛీ కొట్టాను అనుకుంది. పెగ్‌కి బెల్లప్పాకం కలిపిన వేణ్ణీళ్ళు తేవడానికి వంటింట్లోకి పోయింది. కెటిల్ మరిగేదాకా నిలబడలేకపోయింది. ఇతనికైతే చెప్పాలి. పోతుపిల్లల సంగతి ఇతనికి సగం చెప్తే చాలు, మిగతాది ఇతనికే తెలుసు. నాకు సీటెందుకు, ఆ మాట ఇతని నోట్లోంచి వచ్చినా వచ్చినట్టే. ఎలా మొదలుపెట్టాలో కూడా కూడబలుక్కుంది. కౌన్సిలర్ల ఓట్లు ఎవరికి పడితేనేం అనిపించింది.

బకెట్‌తో బయటికొచ్చేసరికి ఫీరిక్ పెరట్లో ఉన్నాడు. రెండు పిల్లల్నీ వెనక కాళ్ళు పట్టుకుని, చేతికొకటి చొప్పున మోసుకుపోతున్నాడు. వెలుతురులో చూడ్డానికి తీసుకెళ్తున్నాడనుకుంది. రాతిగోడ దగ్గర ఆగాడు. రెండు చప్పుళ్ళు వినిపించాయి, ఒకదాని వెంట ఒకటి.

బకెట్ జారిపోయింది. వేడినీళ్ళు కాలి మీద పడ్డాయి. అవి కాలుస్తున్నట్టు కూడా ఆమెకి తెలియలేదు.

"రెండూ పోతులే," అన్నాడు ఫీరిక్ వెనక్కి వస్తూ. "మీకెందుకు శ్రమ అని."

"ఎవడు చెయ్యమన్నాడు నిన్ను? ఎవడు చెప్పాడు?"

ఆయన నిజంగానే తెల్లబోయాడు. "అదేంటి, పోతుల్ని ఉంచుకుంటారా మీరు? తల్లి నాకకముందే చెయ్యాలనేది మా అమ్మ. నాకిందంటే ఇక రోజంతా అరుస్తుంది."

కొట్టంలో పెగ్ అప్పటికే అరుస్తోంది. అట్రాక్టా గోడ పక్కకి పోయి, వంగి, తాగిన టీ అంతా కక్కేసింది. ఆయన పాపం రుమాలు అందించాడు. ఆ రుమాలు చూస్తే ఇంకా కక్కొచ్చింది.

"ఒక్క మాట," అన్నాడు, గేటు వంక చూసి గొంతు తగ్గించి. "ఇదేం రాయకండి. చెయ్యి పెట్టానని అసలు రాయకండి. నాలుగేళ్ళు వ్యవసాయ కమిటీలో ఉన్నాను, ఫ్రాన్సులో మేకల ఫారాలు చూసొచ్చాను, అది రాయండి. మిగతాది కౌన్సిలర్లకి తెలిస్తే నవ్విపోతారు. డబ్లిన్‌లో మళ్ళీ నన్ను గబ్బోడనాలా?" మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని, కారెక్కి వెళ్ళిపోయాడు.

అట్రాక్టా ఆ మధ్యాహ్నమే గడి నింపింది. "సదరు అభ్యర్థి మార్చి నెల రెండో సోమవారం ఉదయం నా కొట్టంలో, అడ్డం తిరిగిన రెండు పిల్లల్ని తల్లి కడుపులోంచి ప్రాణాలతో బయటికి తీశారు. నేను చూసినవాళ్ళలో ఇంత నేర్పు ఇంకొకరికి లేదు. అవి పోతుపిల్లలు అయినందున, పావుగంట తిరక్కుండా వాటిని నా గోడకేసి కొట్టి చంపారు. పోతుపిల్లల్ని తీసుకునే కసాయిశాల తొంభై మైళ్ళ లోపు లేనందున ఈ కొండల్లో అందరూ చేసే పని ఇదే. నేనూ పంతొమ్మిదేళ్ళు చేశాను. దీని గురించి ఏ సభలోనూ ఎవరూ మాట్లాడలేదు. అభ్యర్థికి ఈ విషయంలో జ్ఞానమూ, ఆచరణలో అనుభవమూ పూర్తిగా ఉన్నాయని ధ్రువీకరిస్తున్నాను."

కోర్మాక్ చదివి నెత్తి కొట్టుకున్నాడు. "నీకేమన్నా మతి పోయిందా? ఇది పంపమంటావా?"

"సంతకం దీని కిందే పెడతాను. వద్దంటే నీ రాతతో నువ్వు పంపుకో, కార్యదర్శి సంతకం లేకుండా."

గడువు మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకి. ఇంకో దారి లేదు. "ఎవడూ చదవడులే," అని తనకి తనే సర్దిచెప్పుకుంటూ కవరు అతికించాడు.

కానీ చదివారు. పది రోజుల తరవాత డబ్లిన్‌లో, ఆ సభ ఉన్న భవనంలోనే, నామినేషన్ల విచారణ జరిగింది. ఎన్నికల అధికారి కూర్చున్నాడు, ఆయన పక్కన సలహాకి ఒక జడ్జి. ఫీరిక్‌కి పోటీగా ఉన్నవాడు లాయర్ని పెట్టి అభ్యంతరం తెలిపాడు. ఈ మనిషికి వ్యవసాయం ఓనమాలు రావు, జాబితాలోంచి తీసెయ్యండి అని. దాంతో అట్రాక్టాకి కబురొచ్చింది. మంచి కోటు వేసుకుని పొద్దున రైలెక్కింది. ఎవరి నోటితో అయితేనేం, ఇన్నేళ్ళకి ఆ మాట ఆ గోడల మధ్య పలకబోతోంది.

గుమస్తా కాగితం పైకి చదివాడు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, వానలు ఎక్కడెక్కడ పడతాయో చదివినట్టు చదివాడు. గోడకేసి కొట్టిన ముక్క దగ్గరకొచ్చినప్పుడు కూడా ఆ గొంతు పెరగలేదు, తగ్గలేదు. గదిలో ముప్పై మంది దాకా ఉన్నారు. ఫీరిక్ చెవులు ఎర్రబడ్డాయి. ఎవరో దగ్గారు. ఇంకెవరో భోజనం ఎన్నింటికని పక్కవాణ్ణి అడిగారు.

"ఈ సంతకం మీదేనా అమ్మా?" అన్నాడు జడ్జి.

"నాదే."

"ఇదంతా మీరు కళ్ళారా చూశారా?"

"చూశాను. అయ్యా, ఆ పిల్లల సంగతి..."

"అది ఈ విచారణ పరిధిలోకి రాదమ్మా." ఆయన మర్యాదగానే అన్నాడు. చట్టం అడిగింది అనుభవం ఉందా లేదా అని, అంతే. అధికారి, జడ్జి తలలు దగ్గర పెట్టుకుని ఏదో అనుకున్నారు. అభ్యంతరం కొట్టేశారు. ఆచరణలో అనుభవం ఉన్నట్టు ఇంత స్పష్టమైన రుజువు ఈ విడతలో ఇంకొకరికి లేదని కూడా అధికారి అన్నాడు. తరవాతి పేరు పిలిచారు.

ఫీరిక్ వరండాలో ఆమె కోసం ఆగాడు. మొహం వెలిగిపోతోంది. పక్కనున్న ఆయన లాయరు ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "కమిటీ, ఫ్రాన్సు అని రాసుంటే ఈపాటికి మావాడు ఎగిరిపోయేవాడమ్మా!"

"రాయొద్దని తొందరపడ్డాను గానీ, మీరే కరెక్టు," అన్నాడు ఫీరిక్. "ఈ సీటు మీరిచ్చిందే అట్రాక్టా గారూ. ఎప్పటికీ మర్చిపోను."

ఆమె ఆయన మొహాన ఉమ్మేద్దామనుకుంది. నోరు ఎండిపోయి ఉమ్మి రాలేదు. ఏప్రిల్‌లో ఆయన గెలిచాడు, ఐదేళ్ళు కూర్చున్నాడు, పోతుపిల్ల అన్న మాట ఒక్కసారీ ఎత్తలేదు. ఇరవై మూడేళ్ళుగా ఆమె రాసిన కాగితాల్లో ఆ భవనంలో చివరిదాకా చదివింది ఇదొక్కటే. అది వాళ్ళకి బ్రహ్మాండంగా నచ్చింది.